సున్నం వారం

ఈస్టరుకి ముందు వచ్చే మట్టల ఆదివారం ఆరాధన అయ్యిందంటే పాత విశాఖపట్నంలో క్రైస్తవుల పెరళ్ళలో సున్నం కాగులు బయటికి వచ్చేవి. శ్రమల వారంలో గుడిలో ఎంత పని ఉండేదో సమాధుల తోటలోనూ అంత పని ఉండేది. రాతి సున్నం గడ్డలు తూకానికి తెచ్చి, మట్టి కాగులోనో ఇనప డ్రమ్ములోనో వేసి, కిలోకి సుమారు 5 లీటర్ల చొప్పున నీళ్ళు పోసేవారు. నీళ్ళు తగలగానే గడ్డ బుస్సుమని పగిలి, కాగంతా కుతకుతా ఉడుకుతుంది. అందుకే ప్లాస్టిక్ బకెట్ పనికిరాదు. పిల్లల్ని ఆ చాయలకే రానిచ్చేవారు కాదు, కంట్లో చిందితే చూపుకే ముప్పు. ఒక పగలూ ఒక రాత్రీ అలా వదిలేసి, పాత పంచెలో వడకట్టి, వేణ్ణీళ్ళలో కరిగించిన తుమ్మబంక కలిపేవారు. బంక దొరక్కపోతే గంజి. నీలిమందు చిటికెడు చాలు. కిలో సున్నానికి 3 గ్రాములు దాటిందంటే తెలుపు పోయి సమాధి నీలంగా తేలుతుంది.

పనితనమంతా పూతకి ముందే ఉంటుంది. పోయినేడాది పొరల్ని రేకుతో గోకాలి. సముద్రపు గాలికి ఉప్పు పొంగిన చోట మంచినీళ్ళతో కడగాలి. గోడ తడిగా ఉండగానే మొదటి పూత పలచగా వెయ్యాలి. పొడి గోడ సున్నంలో నీళ్ళన్నీ లాగేసుకుంటుంది, మర్నాడు చెయ్యి ఆనిస్తే తెల్లటి పొడి అంటుకుంటుంది. మొదటి పూత అడ్డంగా, అది ఆరాక రెండోది నిలువుగా. గురువారం చీకటి పడేలోగా పని ముగియాలి. శుక్రవారం, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన, ఆ రోజు ఎవరూ కుంచె పట్టేవారు కాదు. శనివారం పూలకీ కొవ్వొత్తులకీ.

ఇప్పుడు చాలామంది ప్లాస్టిక్ పెయింటు వేయిస్తున్నారు. మొదట్లో నున్నగా మెరుస్తుంది. లోపలి చెమ్మ బయటికి వచ్చే దారి లేక, ఉప్పుతో కలిసి పొరని వెనక నుంచి నెడుతుంది, వానాకాలం తిరిగేసరికి పెచ్చులు లేస్తాయి. సున్నం చెమ్మని పట్టి ఉంచదు, వదిలేస్తుంది. పాత నగరంలోని తెల్లవాళ్ళ శ్మశానంలోనూ, భీమిలిలో డచ్చివాళ్ళ ఎత్తైన సమాధుల్లోనూ గచ్చు ఇంతకాలం ఈ ఉప్పుగాలిని ఓర్చుకుందంటే అది సున్నం చలవే.

యెరూషలేములోనూ యూదుల పస్కా పండక్కి ముందు సమాధులకి సున్నం కొట్టేవారు. పస్కాకి సరిగ్గా నెల ముందు, అదారు నెల 15న ఆ పని చేసేవారని మిష్నా అనే యూదుల పాత ధర్మ సంకలనం చెబుతుంది. అది హెచ్చరిక కోసం. పండక్కి వచ్చిన యాత్రికుడు తెలియక సమాధిని తాకితే ధర్మశాస్త్రం ప్రకారం 7 రోజులు అపవిత్రుడు, పండగే పోతుంది. యేసుప్రభువు పరిసయ్యులనే యూదు మతపెద్దల్ని సున్నం కొట్టిన సమాధులతో పోల్చింది ఆ రోజుల్లోనే. అక్కడ సున్నం ‘దూరంగా పొండి’ అంటే, ఇక్కడ మనవాళ్ళ సున్నం ‘రండి, తాకండి, పక్కన కూర్చోండి’ అంటుంది. ఒకే పని, అర్థం తిరగబడింది. ఆ రెండింటి మధ్యలో ఒక సమాధి ఖాళీ అయ్యింది కాబట్టి.

ఈ మాట ఇప్పుడు చెప్పాల్సిన అవసరం కనబడుతోంది. చావు జరిగిన ఇంట్లో పెట్టే ఆదరణ కూడికల్లో ఈమధ్య వినిపిస్తున్నదంతా ఆత్మ గురించే. ‘ఆయన ఎగిరిపోయారు, ఇక్కడున్నది ఒట్టి గూడు’ అంటారు. విన్నవాళ్ళకి కాస్త ఊరట కలుగుతుంది, నిజమే. అది సగం మాట. ప్రతి ఆదివారం లేచి నిలబడి మనం ఒప్పుకునేది ‘శరీర పునరుత్థానమును, నిత్యజీవమును నమ్ముచున్నాను’ అని. అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో శరీరం అనే మాటని మొదటి శతాబ్దాల సంఘం కావాలనే పెట్టింది. దేహం చెడ్డది, ఆత్మ ఒక్కటే దేవుడిది అని బోధించినవాళ్ళు అప్పుడూ ఉన్నారు. వాళ్ళకి జవాబుగా దాదాపు క్రీ.శ. 180లో ఐరేనియస్, ఆ తర్వాత తెర్తుల్లియన్ అనే సంఘ బోధకులు పుస్తకాలే రాశారు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ నుంచి వచ్చిన ప్రమాణంలోనూ ‘మృతుల పునరుత్థానం కోసం ఎదురుచూస్తున్నాం’ అన్న మాట ఉంది.

పాత సండే స్కూలు పంతుళ్ళు దీన్ని రెండు దశల్లో చెప్పేవారు. విశ్వాసి చనిపోయిన క్షణాన ప్రభువు దగ్గర ఉంటాడు, ‘నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు’ అని సిలువ మీది దొంగకి చెప్పినట్టు. అది మొదటి దశ, అక్కడ విశ్రాంతి ఉంది కానీ ముగింపు లేదు. ప్రభువు తిరిగి వచ్చినప్పుడు, కడబూర మోగినప్పుడు, మట్టిలో కలిసిన దేహం లేస్తుంది. అది రెండో దశ. రోమా 8:23 ‘మన దేహముయొక్క విమోచనము’ కోసం కనిపెట్టుకుని ఉన్నామంటుంది. దేహం నుంచి విడుదల అనడం లేదు, దేహానికే విడుదల అంటోంది. రెండో కొరింథీ 5లో పౌలు దేహాన్ని గుడారం అన్నాడు కదా అని ఎవరైనా అడిగితే, నాలుగో వచనం దాకా చదవమనాలి. గుడారం తీసేసి వట్టిగా మిగలాలని ఆయన కోరలేదు, దాని మీద ఇంకొకటి తొడుక్కోవాలని కోరాడు.

ఈ పునరుత్థానంతో కలగాపులగం అయ్యేవి మూడున్నాయి. లాజరు, నాయీను విధవరాలి కొడుకు, యాయీరు కూతురు లేచారు కానీ మళ్ళీ చనిపోయే దేహాలతోనే లేచారు. దాన్ని బతికించడం అనాలి. రెండోది, ఆత్మకి చావు లేదన్న నమ్మకం. ప్లేటో లాంటి గ్రీకు తత్వవేత్తలూ అది నమ్మారు, అయినా ఏథెన్సులో పౌలు మృతుల పునరుత్థానం అనగానే కొందరు నవ్వారు. మూడోది జన్మల సంగతి. రేవు పక్కన మూడు కొండలు వరసగా ఉన్న ఊరు మనది. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి, ఒకదాని మీద దర్గా, రాస్ దొర ఇల్లు కట్టుకున్న మూడోదాని మీద మేరీమాత గుడి. పక్కింటివాళ్ళు ‘మీరూ మళ్ళీ పుడతారా అండీ’ అని మనసారా అడిగేవారు. జవాబు కూడా అంతే మర్యాదగా ఉండేది: మళ్ళీ పుట్టడం లేదమ్మా, ఈ మనిషే, ఈ పేరుతోనే, ఈ దేహమే మారి లేస్తుంది, అదీ ఒక్కసారే. దర్గా కొండ కింది ముస్లిం ఇళ్ళల్లో ఈ మాట తేలిగ్గా అర్థమయ్యేది. ఖియామత్ నాడు సమాధుల్లోంచి లేస్తారని వాళ్ళూ నమ్ముతారు. తేడా ఎక్కడంటే, ఆ లేవడం ఒకరి విషయంలో ఇప్పటికే మొదలైపోయిందని మన సాక్ష్యం. పౌలు దాన్ని ప్రథమఫలం అన్నది అందుకే. కోసిన పంటలో మొదటి పన, అంటే మొదటి కట్ట, గుడికి వచ్చిందంటే పొలంలో మిగతా పంట ఉన్నట్టే.

పాతిపెట్టే పద్ధతిలోనే ఈ బోధంతా ఉండేది. తల పడమటికి, కాళ్ళు తూర్పుకి. లేచి నిలబడితే ముఖం తూర్పు వైపు ఉండాలి, మెరుపు తూర్పున పుట్టి పడమటి దాకా కనబడినట్టు తన రాకడ ఉంటుందని ప్రభువు చెప్పాడు కనక. పాత సమాధుల తోటలో వరసలన్నీ ఒకే దిక్కున ఉండటానికి కారణం అది. ఇప్పుడు జాగా కోసం గోడవారగా ఎటుపడితే అటు తవ్వుతున్నారు. దానివల్ల రక్షణ పోదు, కానీ పిల్లలకి చూపించి చెప్పడానికి ఉన్న ఒక పాఠం పోతుంది.

ఈ ఊళ్ళో గుంట తవ్వడం ఒక విద్య. కొండవార నేలల్లో మూడు నాలుగు అడుగులకే రాయి తగులుతుంది, గునపంతో కొట్టి లేపాలి. సముద్రం వైపు ఇసుక నేలల్లో 6 అడుగులు దిగేలోపు గోడ జారిపోతుంది, అందుకని పైన వెడల్పుగా మొదలుపెట్టి చెక్కలు ఆనిస్తూ దిగాలి. పెట్టె దించేటప్పుడు రెండు వైపుల తాళ్ళూ సమంగా వదలాలి. కాళ్ళ వైపు ముందు వదిలితే పెట్టె ఒరిగిపోతుంది, చూస్తున్న ఇంటివాళ్ళ గుండె అక్కడే జారిపోతుంది. మన్ను మూడుసార్లు వేస్తారు, పాస్టరు అయ్యగారి నోట ఒక్కో మాటకి ఒక్కో గుప్పెడు: మన్ను, బూడిద, ధూళి. ‘నీవు మన్నే గనుక తిరిగి మన్నై పోదువు’ అన్న ఆదికాండం మాట అక్కడ నెరవేరుతుంది. వెంటనే పునరుత్థానం గురించిన నిశ్చయమైన నిరీక్షణ అన్న మాట కూడా ఉంటుంది. ఆ రెండూ ఒకే వాక్యంలో రావాలి. మట్టి వేశాక గొంతు బొంగురుపోయి రెండో సగం మింగేసేవాళ్ళుంటారు, అది నిదానంగా, వినబడేలా చదవాల్సిన సగం.

పక్కా సమాధి కట్టడానికి తొందరపడకూడదు. పెట్టె చెక్క పుచ్చి కుంగుతుంది, పైన మట్టి దిగుతుంది. కనీసం ఒక వానాకాలం వెళ్ళనివ్వాలి. నెల లోపలే సిమెంటు, టైల్సు వేయిస్తే ఏడాది తిరిగేసరికి తల దగ్గర నెర్రె పడుతుంది, నీళ్ళు దిగుతాయి, టైలు లేస్తుంది. అప్పటిదాకా మట్టి దిబ్బ మీద చెక్క సిలువ చాలు. రాతి మీద ఏం చెక్కించాలన్నదీ ముఖ్యమే. ‘ప్రభువునందు నిద్రించిరి’ అని మనవాళ్ళు రాయించేది ఊరికే మర్యాద మాట కాదు. నిద్రపోయినవాళ్ళని లేపుతారు.

సండే స్కూల్లో పిల్లల ప్రశ్నలకి పెద్దవాళ్ళు నీళ్ళు నమిలేవారు కాదు. ‘కాలు పోయినోడికి కాలొస్తాదా అయ్యగారండీ?’ ‘ముసలమ్మ ముసలమ్మలాగే లేస్తాదా?’ ‘పులి తినేస్తే?’ వీటిల్లో ఒక్కటీ కొత్తది కాదు. 1,600 ఏళ్ళ కిందట హిప్పో ఊరి బిషప్పు అగస్టీను తన పెద్ద గ్రంథం 22వ భాగంలో ఇవే ప్రశ్నలు ఒక్కొక్కటే తీసుకున్నాడు. ముసలితనం, లోపం తొలగిపోతాయి, అందరూ క్రీస్తు వయసు నాటి నిండు ప్రాయంలో ఉంటారు. మనిషిని మనిషే తిన్నా ఆ మాంసం మొదట ఎవరిదో వాళ్ళదే అవుతుంది. హతసాక్షుల గాయాల మచ్చలు మాత్రం ఉండొచ్చు, అవమానంగా కాదు, గౌరవంగా. ఈ ఆఖరి మాట ఆయన ఊహించి చెప్పినా, దానికి ఆధారం సువార్తలో ఉంది. లేచిన ప్రభువు చేతుల్లో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి, తోమా వేలు పెట్టి చూడటానికి.

పౌలు మాత్రం ‘ఎట్టి శరీరముతో వత్తురు’ అన్నవాడికి ఒకే జవాబిచ్చాడు: గింజ. నువ్వు వేసేది మొక్క కాదు, వట్టి గింజ, అది చస్తే తప్ప మొలవదు. మొలిచింది గింజలా ఉండదు, అయినా వరి గింజకి వరే మొలుస్తుంది. ఆ తర్వాత నాలుగు జంటలు చెబుతాడు. క్షయమైనదిగా విత్తబడి అక్షయమైనదిగా, ఘనహీనంగా విత్తబడి మహిమతో, బలహీనంగా విత్తబడి బలంతో, ప్రకృతి సంబంధమైన శరీరంగా విత్తబడి ఆత్మ సంబంధ శరీరంగా. ఆఖరి జంట దగ్గర చాలామంది తడబడతారు. ఆత్మ సంబంధ శరీరం అంటే గాలితో చేసిన శరీరం అనుకుంటారు. పరిశుద్ధాత్మ జీవం పోసి నడిపించే శరీరం అని అర్థం. దానికి కొలమానం లేచిన ప్రభువే. తలుపులు వేసి ఉన్నా లోపలికి వచ్చాడు, ‘నన్ను పట్టి చూడుడి’ అన్నాడు, ‘యెముకలును మాంసమును భూతమునకుండవు’ అన్నాడు, కాల్చిన చేప ముక్క తీసుకుని వాళ్ళ ఎదుటే తిన్నాడు.

ఆ చేప ముక్క ఉన్న లూకా సువార్త తెలుగు అచ్చులోకి రావడంలో ఈ ఊరి చెయ్యి ఉందని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. లండన్ మిషన్ వాళ్ళు జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ 1805లో విశాఖపట్నంలో దిగారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో తర్జుమా మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెగ్రాంజ్ 1810లో చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. పని చేసినవాళ్ళు పుస్తకం చూడలేదు.

సముద్రం పక్కన బతికే ఊరికి ఇంకో ప్రశ్న ఉంటుంది. వేటకి వెళ్ళి తిరిగి రానివాళ్ళ సంగతేమిటి? దేహమే దొరకనప్పుడు తూర్పు పడమరలెక్కడివి? ప్రకటన 20:13 దీనికోసమే ఉందని చేపల రేవు వైపు విశ్వాసులకి చెప్పే పని లేదు: ‘సముద్రము తనలో ఉన్న మృతులను అప్పగించెను.’ ఓడల మీద చనిపోయినవాళ్ళని నీళ్ళలోకి వదిలేటప్పుడు చదవడానికి 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో వేరే మాటలే ఉన్నాయి. అందులో మన్ను అన్న మాటల చోట, సముద్రం తన మృతుల్ని అప్పగించే రోజు కోసం ఎదురుచూస్తూ అన్న మాట ఉంటుంది. 177లో లియోన్ పట్టణంలో క్రైస్తవుల్ని చంపినవాళ్ళు శవాల్ని కాల్చి, బూడిదని రోన్ నదిలో కలిపారు, ఇక ఎలా లేస్తారో చూద్దామని. సంఘం ఆ పేర్లని మర్చిపోలేదు, నమ్మకాన్నీ వదల్లేదు. మట్టి లోంచి మొదటి మనిషిని చేసినవాడికి చిరునామా అక్కర్లేదు.

అందుకే దహనం గురించి భయపెట్టి మాట్లాడటం తప్పు. కరోనా రోజుల్లో కొన్ని కుటుంబాలకి వేరే దారి లేకపోయింది, వాళ్ళని ఇప్పటికీ ఆ దిగులు తింటోంది. కాల్చినంత మాత్రాన పునరుత్థానానికి అడ్డు లేదు. కతోలిక సంఘం 1963లోనే నిషేధం తీసేసింది, 2016లో ఇంకో సూచన ఇచ్చింది: బూడిదని గాల్లో నీళ్ళలో చల్లకూడదు, ఇంట్లో దాచుకోకూడదు, పవిత్రమైన చోట ఉంచాలి. పాతిపెట్టడమే మేలని ఆ సంఘమూ అంటుంది. దేవుడి శక్తి మీద అనుమానంతో కాదు, లేవబోయే దేహానికి ఇచ్చే మర్యాదగా. జాగా చాలక పాత గుంటే మళ్ళీ తెరవాల్సి వస్తే, పాత ఎముకల్ని తెల్లగుడ్డలో చుట్టి అదే గుంటలో ఒక పక్కన ముందు ఉంచి, తర్వాతే కొత్త పెట్టె దించాలి. పారతో పక్కకి తోసెయ్యకూడదు. ఆ ఒక్క పని చూస్తే చాలు, ఆ సంఘం ఏం నమ్ముతోందో తెలిసిపోతుంది.

ఈస్టరు తెల్లవారుజాము గురించి చెప్పకుండా ఎలా? మార్చి 21 నాడు గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి దాటిన మొదటి ఆదివారం కనక, మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య వస్తుంది. పున్నమి వెళ్ళిన వారంలోనే కాబట్టి నాలుగు గంటలకి సమాధుల తోటలో చంద్రుడుంటాడు, మబ్బు లేకపోతే వెన్నెల్లో కొత్త సున్నం తెల్లగా కనిపిస్తుంది. ఇక్కడ సూర్యోదయం తేదీని బట్టి ఐదున్నరకీ ఆరుకీ మధ్య. నాలుగున్నరకి కొవ్వొత్తులు వెలిగిస్తే చదవడానికీ పాడటానికీ సరిపోతుంది. సముద్రపు గాలికి కొవ్వొత్తి నిలవదు. డబ్బాలో సగం దాకా ఇసుక పోసి అందులో గుచ్చాలి, లేదా లాంతరు చిమ్నీ బోర్లించాలి. కింద గాలి ఆడేలా చిన్న రాయి పెట్టకపోతే చిమ్నీలో కూడా ఆరిపోతుంది. సమాధికి గాలి తగలని వైపు పెట్టడం తేలిక ఉపాయం. మల్లెలు ఆ రోజుల్లో దొరుకుతాయి, మాల కట్టి తడిగుడ్డలో చుట్టి ఉంచితే పొద్దుటికి తాజాగా ఉంటాయి.

అక్కడ ఏడ్చేవాళ్ళని ఎవరూ ఆపేవారు కాదు. ఇప్పుడు భర్త పోయిన మనిషిని పట్టుకుని ‘విశ్వాసివి, ఏడవకూడదమ్మా’ అనడం వింటే బాధ కలుగుతుంది. మొదటి థెస్సలొనీక 4:13 ‘నిరీక్షణలేని ఇతరులవలె’ దుఃఖపడొద్దంది, దుఃఖమే పడొద్దనలేదు. లాజరుని మరి కాసేపట్లో లేపబోతూ కూడా యేసు కన్నీళ్ళు విడిచాడు. చావు చిన్న విషయమైతే పునరుత్థానం అవసరమే లేదు. పౌలు దాన్ని కడపటి శత్రువు అన్నాడు.

ఇంట్లో ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే కుటుంబం అయ్యగారిని ఒక్కటి అడగొచ్చు. పాత భూస్థాపన క్రమంలో గుడిలో చదివే పాఠం మొదటి కొరింథీ 15వ అధ్యాయం 20 నుంచి 58 దాకా, మొత్తం 39 వచనాలు. ఇప్పుడు చాలాచోట్ల ‘ఓ మరణమా, నీ ముల్లెక్కడ’ దగ్గర నాలుగు వచనాలు చదివి ప్రసంగంలోకి వెళ్ళిపోతున్నారు. గింజ పోతే ముల్లు మాటకి బలం లేదు. అంతా చదవమనండి, నిదానంగా చదివినా పది నిమిషాలు పట్టదు. చదివేవారు ముందు రాత్రి ఇంట్లో రెండుసార్లు పైకి చదువుకోవాలి, 42 నుంచి 44 దాకా, మళ్ళీ 53, 54 దగ్గర క్షయం, అక్షయం నాలుక మీద తారుమారవుతాయి, మారితే అర్థమే తిరగబడుతుంది. 58వ వచనం వదిలెయ్యొద్దు. ‘మీ ప్రయాసము ప్రభువునందు వ్యర్థముకాదని’ అని ఉంటుంది అందులో. పెట్టెలో ఉన్న మనిషి చేతులు చేసిన పని గురించే ఆ మాట, ఇంటివాళ్ళు అది చెవులారా వినాలి.